మనోళ్ళే గదా

"ఊరిబిండి మిక్సీలో ఏస్తే రుచి పోతాది, రోట్లో నూరు హేమా" అంటాడు నా మొగుడు నాగేంద్ర. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. చిన్నప్పటి నుంచి మామా అని పిలిచినవాడినే పెళ్ళి చేసుకున్నాను, ఇప్పటికీ మామా అనే పిలుస్తాను. పుంగనూరు కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పి, బస్సులో నిలబడి మదనపల్లెకు వచ్చి, కాళ్ళు కడుక్కుని నేరుగా పచ్చడి నూరడానికి రోటి ముందు కూర్చుంటాను. "నిల్చోని నాలుగు మాటలు సెప్పేదానికి అలుపేందమ్మే నీకు?" అంటుంది అత్త. ఆమె మా అమ్మను కన్న అవ్వ. ఇంక నా కష్టం ఎవరి మీద ఎవరికి చెప్పుకోను?

ఈ రోజు క్లాసులో రోగనిరోధక శక్తి పాఠం. ఒంట్లోకి క్రిమి వస్తే పసిగట్టేది డెండ్రైటిక్ కణం అని చెప్పాను. అది క్రిమిని మింగి, దాని ముక్కను తన ఒంటి మీద తగిలించుకుని లింఫ్ గ్రంథికి పోతుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ళ కడుతుందే, ఆ గ్రంథే. అక్కడ టి కణాలుంటాయి, పోట్లాడేవి అవే. కానీ వాటికి ముక్కను చూపిస్తే చాలదు. 'ఇది ప్రమాదం' అని ఆ చూపించిన కణమే రెండో సంకేతం కూడా ఇవ్వాలి.

"ఇయ్యకపోతే, మేడం?" అంది ముందు బెంచీలో కూర్చునే అంబిక.

"టి కణం మొద్దుబారిపోతుంది. చావదు. తర్వాత అదే క్రిమి ఎదురుగా వచ్చినా కదలదు" అన్నాను. ఏళ్ళ తరబడి చెప్తున్న పాఠమే. ఈ రోజు మాత్రం మంచినీళ్ళు తాగే వంకతో పిల్లల వైపు వీపు పెట్టి నిలబడ్డాను.

పెళ్ళయిన కొత్తలో కుప్పం వెళ్ళి అమ్మకు నా మణికట్టు చూపించాను. ఎమ్మెస్సీ చదువుతానన్నందుకు మామ మెలితిప్పాడు, నవ్వుతూనే. "ఇది తప్పు కదమ్మా?" అని అడిగాను. అమ్మ చూసింది. బాగానే చూసింది. నీలగిరి తైలం రాస్తూ "మనోళ్ళే గదమ్మా, పరాయోడా? ఆటకు చేసింటాడులే" అంది. తప్పే అని ఆ ఒక్క మాట అనుంటే, ఇంకేమీ చేయకపోయినా సరే, నేను వేరే మనిషినై ఉండేదాన్ని. ఆ తర్వాత మామ ఏమన్నా, ఏం చేసినా నాకు కోపం రాలేదు. ఓర్పు గల పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు. నాకేమో ఏడుపు రావడం కూడా మానేసింది. బతికే ఉన్నాను, అంతే.

ఇప్పుడు నా తమ్ముడు శేఖర్‌కు నా కూతురు శ్రుతిని ఇవ్వాలంటున్నారు. అది కుప్పంలో మా అమ్మ ఇంట్లోనే, శేఖర్ ఉండే ఇంట్లోనే, ఉండి డిగ్రీ చదివింది. "ఎత్తుకోని పెంచినోడు, బయట సంబంధం యాల?" అంటాడు మామ. రేపే తాంబూలాలు. నేను కారం నూరుతుంటే శ్రుతి వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, శేఖర్ మామ నా ఫోన్ పిన్ అడిగినాడు. చెప్పనంటే చెయ్యి మెలితిప్పినాడు. కుప్పం అవ్వకు చెప్తే ఆటకులే అనింది. నిజంగా ఆటకేనా? నేనే ఊరికే పెద్దది చేస్తాండానా?"

నా నోట్లోకి వచ్చింది మా అమ్మ మాటే. సిగ్గేసింది. మింగేశాను.

"ఆటకు కాదు. మీ నాయన కూడా నవ్వుతానే తిప్పినాడు. తప్పే. ఈ పెళ్ళి వద్దు."

శ్రుతి నన్ను తేరిపార చూసింది. "మరి నువ్వు ఇన్నేండ్లు యాల ఊరుకున్నావు?"

నూరడం ఆపి, కారం చేతులు కొంగుకు తుడుచుకున్నాను. శ్రుతి లేచింది. వాళ్ళ నాయన కూర్చున్న హాల్లోకి నడిచింది. నాకు రావలసిన కోపమంతా దానికి వచ్చింది.