రెండూ ఎడమవైపువే

"ఇంట్ల మూడు కత్తెరలున్నయ్. ప్లాస్టిక్కు కోయనీకె నా జాకెట్ల కత్తెరనే దొరికిందా నీకు?"

స్వరూప ఈ మాట అనడం పొద్దుటినుంచి నాలుగోసారి. భర్త భానుప్రకాశ్ నాలుగోసారీ వినపడనట్టే కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. సెకండ్ హ్యాండ్ కారు, కొని నెల కాలేదు. దాని కిటికీల పైన చూరులా అతికించే ప్లాస్టిక్ పట్టీలు నాలుగు తెచ్చాడు. గాజులా వాటిలోంచి అవతలివన్నీ కనిపిస్తాయి. అన్ని కార్లకూ సరిపోతాయని గద్వాలలో దుకాణంవాడు చెప్పాడు. ఇంటికొచ్చి చూస్తే ప్రతిదీ జానెడు ఎక్కువ.

ఇదంతా తల్లి జానకమ్మ కోసం. అద్దం దించకపోతే ఆమెకు కారులో కడుపులో తిప్పుతుంది. దించితే వాన లోపలికొస్తుంది. రేపు అయిజలో ఆమె చెల్లెలి మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల పండగ. మూడు రోజులుగా వదలని ముసురు ఈ పూటే కాస్త తెరిపిచ్చింది. "నేను బస్సుల పోత" అని జానకమ్మ నిన్ననే తేల్చేసింది. కొడుక్కి కారుండగా తల్లి బస్సు దిగితే చుట్టాలు ఏమంటారోనని భానుప్రకాశ్‌కు రాత్రంతా నిద్ర లేదు.

కత్తెరతో తెగక, ఇనుము కోసే ఆక్సా బ్లేడు పట్టాడు. ముందు ఎడమ తలుపుకు కాగితం ఆనించి గీశాడు. ఆ కాగితాన్నే రెండు పట్టీల మీదా ఒకే తీరుగా పెట్టి కోశాడు. ఎడమది అచ్చంగా కూర్చుంది. కుడిదానికి వాలు ముందుండాల్సింది వెనక్కి పోయింది. తిప్పి పెడదామంటే జిగురు బయటివైపు వస్తోంది.

"కారే జర వంకరున్నట్టుంది," అన్నాడు.

"కారు మంచిగనే ఉంది. నువ్వు రెండూ ఎడమ చేతులే కోసినవ్. జాకెట్టుకైతే కుడి చేతికి కాగితం బోర్లేసి గీస్తం."

"అది బట్ట. ఇది ప్లాస్టిక్కు."

అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న జానకమ్మ తలెత్తలేదు. "చిన్నప్పుడు చెప్పులు గూడ గిట్లనే ఏసుకుంటుండె," అంది. కూతురు పూజ కిసుక్కుమంది.

భానుప్రకాశ్ కత్తెర తీసుకుని విసురుగా బయటికి పోయాడు. గంట తర్వాత దానికి సాన పట్టించుకొచ్చి కుట్టుమిషను మీద పెట్టాడు. అప్పటికి స్వరూప వెనక తలుపుల పట్టీలు రెండూ కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది అతికించేసింది. ఆయన అంచు వెంట వేలు పోనిచ్చాడు. ఎక్కడా గీరుకోలేదు.

"ఫర్వాలేదు," అన్నాడు. "ముందు కుడిది గూడ టేపేస్తే ఆగుతది."

పరీక్ష పెట్టారు. అన్ని అద్దాలూ నాలుగు వేళ్లు దించి, జానకమ్మ వెనకా భానుప్రకాశ్ స్టీరింగు ముందూ కూర్చున్నారు. పూజ పైపుతో నీళ్లు కొట్టింది. జానకమ్మ చీర చెంగు కూడా తడవలేదు. భానుప్రకాశ్ కుడి భుజం నుంచి మోకాలిదాకా తడిసి దిగాడు.

"గాలి ఒస్తుందా అమ్మా?" అన్నాడు ముఖం తుడుచుకుంటూ.

జానకమ్మ కారు దిగి, అరుగు మీది చింతపండు తీసుకుని లోపలికి నడిచింది.

అందరూ అన్నాల దగ్గర కూర్చున్నాక ఆమె బస్సుకని సర్దుకున్న సంచి ముందు పెట్టుకుంది. వాంతికని దాచుకున్న రెండు కవర్లు తీసి కోడలి చేతికిచ్చింది. నిమ్మకాయ మాత్రం సంచిలోనే ఉంచుకుంది.

"రేపు కార్లనే వస్త," అంది మెల్లగా, పచ్చడి కలుపుకుంటూ. "ఎనక కూసుంట, స్వరూప కోసిన దిక్కు. భానుకు ఒక తువ్వాల పెట్టుండ్రి."