విటోమిర్ పళ్లెం

విటోమిర్ పోయి నలభై రోజులైన శనివారం నాడు స్టామెనా వండని వంటంటూ లేదు. వేయించిన పంది మాంసం, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన కైమా, జున్ను రొట్టె, వాల్‌నట్ కేకు. బల్ల కొసన మొగుడి కుర్చీ ముందు పళ్లెం పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, అందరికంటే ముందు అతనికి వడ్డించింది. పోయినవాడి పళ్లెం ఎవరూ ముట్టరు. చుట్టాలంతా వెళ్ళాక ఎవరైనా లేనివాళ్ళకి ఇచ్చేస్తారు. మామూలుగా ఏ ఇంట్లోనైనా అందులో ఒక్కో ముక్క పెట్టి ఊరుకుంటారు గానీ స్టామెనా గుట్ట పోసింది. గుండె డాక్టరు మాట పట్టుకుని మూడేళ్ళపాటు ఆయనకి ఉప్పులేని కోడి ముక్కలూ మెత్తటి అన్నమూ మాత్రమే పెట్టింది. ఆఖరి రోజు కూడా అదే. మనిషిని నోరు కట్టేసి పంపానన్న బాధ ఆమెని ఇన్నాళ్ళూ తినేస్తూనే ఉంది.

చుట్టాలని గేటు దాకా సాగనంపి వచ్చేసరికి పళ్లెం తళతళలాడుతోంది. కుర్చీ కింద విటోమిర్ కుక్క గారోవ్ పొట్ట బానలా పెట్టుకుని పడుకుని ఉంది. అది కాక బల్ల కింద ప్రతివాడూ విసిరిన ముక్కలు ఎన్నో ఆ దేవుడికే తెలియాలి.

గంట తిరక్కుండానే గారోవ్ లేచి గది చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నోట్లోంచి చొంగ కారుతోంది. ఓకరిస్తోంది, ఏమీ రావడం లేదు. గిన్నెలు కడగడానికి ఆగిన ఆడబిడ్డ దేసంకా గుండెల మీద శిలువ వేసుకుంది.

“పోయినవాళ్ళ వాటా తిన్నది కదా వదినా! అన్నయ్య దాన్ని పిలిచేసుకుంటున్నాడేమో.”

“నోర్ముయ్ దేసంకా!” అంది స్టామెనా. ఆ ఇంట్లో ఆయనదని ఊపిరితో మిగిలింది ఈ నల్ల కుక్కొక్కటే.

పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

“వాంతయితే భయం లేదమ్మా. ఏమీ రాకుండా ఓకరిస్తూ, పొట్ట డోలులా గట్టిపడితే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా తీసుకొచ్చేయండి. చిగుళ్ళు చూస్తూ ఉండండి. తెల్లబడకూడదు.”

స్టామెనా నేల మీద కూలబడి కుక్క పెదవి ఎత్తి చూసింది. గులాబీ రంగే. పొట్ట నొక్కింది. గట్టిగా ఉందా? ఇందాకటి కంటే గట్టిగా ఉందా? తన చేతిని తనే నమ్మలేకపోయింది.

“రెండు చెంచాల ప్లమ్ సారా పట్టిద్దామా వదినా? మా నాన్నకి అరక్కపోతే అదే పట్టించేవాళ్ళం.”

“మీ నాన్న అరిగినా తాగేవాడు! నువ్వు పోయి కారు తాళాలు తే.”

గారోవ్ మళ్ళీ ఓకరించింది. ఏమీ రాలేదు. స్టామెనా దాన్ని రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాకా మోసింది. అక్కడే, పెళ్ళినాటి తివాచీ మీద, పంది మాంసంతో సహా అంతా బయటికొచ్చింది. “కక్కు నాయనా, కక్కు!” అంటూ ఆమె దాని వీపు నిమిరింది. తివాచీ పాడైపోయిందని ఇంత సంబరపడిన ఇల్లాలు ఇంకెక్కడా ఉండదు.

మళ్ళీ ఫోన్ చేస్తే, పొద్దున్న దాకా తిండి పెట్టొద్దు, నీళ్ళు కొంచెం కొంచెంగా ఇమ్మంది డాక్టరమ్మ. తెల్లారాక ఉప్పులేని కోడి ముక్కలూ మెత్తటి అన్నమూ పెట్టమంది. తినకపోతే వెంటనే తీసుకురమ్మంది.

పొద్దున్నే దేసంకా వచ్చింది. స్టామెనా అన్నం గిన్నె తలుపు దగ్గర పెట్టింది. గారోవ్ వాసన చూసి వెనక్కి తిరిగింది.

కుక్క నెమ్మదిగా నడిచి బల్ల కిందికి దూరి, విటోమిర్ కుర్చీకి ఎడమ పక్కన కూర్చుని మూతి పైకెత్తింది.

బతిమాలి తినిపిద్దామని స్టామెనా గిన్నె పట్టుకుని ఆ కుర్చీలో కూర్చుంది. చెంచా కిందికి దించింది. పన్ను తగలకుండా, మెతుకు జారకుండా, కుక్క చెంచా నాకేసి, మళ్ళీ మూతి ఎత్తింది. ఒక్కరోజులో వచ్చే పనితనం కాదది. మూడేళ్ళు రోజూ ఖాళీ అయిన పళ్లెం, “బాగుంది స్టామెనా” అన్న మాట, ఒక్క కిలో కూడా తగ్గని మొగుడి పొట్ట, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

“దొంగ సచ్చినోడా!” అని అరిచింది. “మరి ఏం తిని బతికాడే?”

దేసంకా తల దించుకుంది. “రోజూ పదకొండింటికి మా ఇంటికొచ్చేవాడు వదినా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

స్టామెనా ముఖం కందగడ్డలా అయింది. ఆ చెంచా ఎక్కడ విసిరికొడుతుందోనని దేసంకా ఓ అడుగు వెనక్కి వేసింది. కింద గారోవ్ చిన్నగా మూలిగింది. స్టామెనా మరో చెంచా దానికి అందించింది.

గిన్నె ఖాళీ అయ్యాక, తల తిప్పకుండానే అడిగింది.

“బాగా తినేవాడా?”

“బాగా తినేవాడు వదినా.”