దక్షిణం అని చెప్పి వెళ్ళాను

మా రేవులో ఎటు వెళ్తున్నారో ఎవరూ నిజం చెప్పరు. ఇది మోసం కాదు, మర్యాద. చేప పడే చోటు ఎవడి కష్టం వాడిది. ఏళ్ళ తరబడి తాళ్ళు తెంపుకుని, లంగర్లు పోగొట్టుకుని కనిపెట్టుకున్నది. పడవ ఎక్కేముందు దాన్ని పదిమందికీ చాటింపు వేసేవాడు వెర్రివాడు. అందుకే దక్షిణం వెళ్ళేవాడు ఉత్తరం అంటాడు. వినేవాడు అబద్ధమని తెలిసే తలాడించి తన దారిన తాను పోతాడు. అడగడం ఒక పలకరింపు, అంతకు మించి ఏమీ లేదు.

నేను ఇంకో మెట్టు పైన. ఇంట్లో కూడా అబద్ధమే చెప్పేవాణ్ణి. మా ఆవిడ కుళాయి దగ్గర నోరు విప్పిందంటే సాయంత్రానికల్లా, నీళ్ళ అడుగున చేప చేరే నా రాళ్ళ మీద ఇరవై పడవలు తేలుతాయని నా భయం. ఆవిడేం తక్కువ తిన్నది కాదు. పెళ్ళయిన ఏడాదికే నా గుట్టు పట్టేసింది. "మీ నాన్న మాట తిరగేసి వినాలే" అని కూతురికి ఊహ తెలిసినప్పటి నుంచే నేర్పింది. నేను ఉత్తరం అని చెప్పి గడప దాటగానే తల్లీకూతుళ్ళు దక్షిణం వైపు కిటికీలో నిలబడి నవ్వుకునేవాళ్ళు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ తిరగేసి వినే అలవాటు మాత్రం కూతురికి మిగిలింది.

కూతురూ అల్లుడూ నాతోనే ఉంటారు. అల్లుడు దర్జీ. ముందు గదిలో మిషను పెట్టుకుని పొద్దస్తమానం టకటకలాడిస్తుంటాడు. మంచివాడే. ఆ మంచితనమే నాకు ఒళ్ళు మంట. ఒకసారి సరదాకి పడవ ఎక్కిస్తే రేవు దాటకముందే వాంతి చేసుకున్నాడు. కూర్చోవయ్యా బాబూ అంటే నిలబడతాడు. సముద్రం పక్కన పుట్టి ఈత రానివాణ్ణి నేను ఇతన్నొక్కణ్ణే చూశాను. "మా అల్లుడికి సూది పట్టుకోవడమే గానీ గాలం పట్టుకోవడం రాదు" అని అతని ముందే నలుగురిలో అనేవాణ్ణి. అతను నవ్వేసేవాడు. నాకు అదీ నచ్చేది కాదు.

పోయిన నెల గాలికి చిక్కుకుని చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరలేదు. మర్నాడు అల్లుడు నా చొక్కాకు బొత్తాం కుడుతూ, కూతురు పెరట్లో ఉన్న సమయం చూసి, తలెత్తకుండానే అన్నాడు.

"మామయ్యా, ఒక్క మాట. ఎటు వెళ్తున్నారో తనకి నిజం చెప్పి వెళ్ళండి. నిన్న మీరు రాకపోయేసరికి ఏడ్చి ఏడ్చి పడిపోయింది. తనేదో ఊహిస్తుంది గానీ, ఖాయంగా ఎటని వెతకాలి చెప్పండి?"

"నువ్వు చొక్కాలు కుట్టుకో. సముద్రం సంగతి నేను చూసుకుంటాలే," అన్నాను.

"సరే మామయ్యా. నేనడిగానని మాత్రం తనతో అనకండి. బాధపడుతుంది," అని దారం పళ్ళతో తెంపాడు.

నిన్నగాక మొన్న వచ్చినవాడు నాకు చెప్పొచ్చేదేమిటని మండిపోయాను. కానీ ఆ మాట అరికాలిలో ముల్లులా ఉండిపోయింది. నెల రోజులు దాన్ని తీసి పారేయాలని చూశాను, కుదరలేదు.

ఆ రోజు నాలుగున్నరకు లేచాను. వంటగదిలో లైటు వేసి టీ కాచుకుని తాగాను. రొట్టె ముక్కలు, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకున్నాను. కూతురు కళ్ళు నులుముకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

"ఎటు నాన్నా?"

నోటిదాకా వచ్చిన 'ఉత్తరం' మింగేశాను. "దక్షిణం. పాత రాళ్ళ దగ్గరికి. పదింటికి వచ్చేస్తాను."

తను ఆవలిస్తూనే నవ్వింది. "సరే నాన్నా, దక్షిణమే," అంది.

ఆ నవ్వు నాకు అర్థమైంది. 'లేదమ్మా, ఇది నిజం' అని ఒక్క ముక్క అనాల్సింది. అంటే ఇన్నేళ్ళుగా చెప్పినవన్నీ అబద్ధాలని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. అరవై రెండేళ్ళవాణ్ణి, పొద్దున్నే గుమ్మంలో నిలబడి కూతురి ముందు అంత పని చేయడానికి మనసొప్పలేదు. చెప్పాల్సింది చెప్పాను కదా అనుకుని చెప్పులేసుకున్నాను.

రేవులో ఐసు అమ్మే అతను "ఎటు పెద్దాయనా?" అన్నాడు. "నీళ్ళ వైపు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నాది చిన్న ఫైబరు పడవ. ఇద్దరు పడతారు, ముగ్గురైతే దెబ్బలాటే. వెనకాల తాడు లాగి స్టార్ట్ చేసే పాత ఇంజను. ఎప్పుడూ ఒంటరిగానే వెళ్తాను. పక్కన మనిషి ఉంటే మాట్లాడతాడు, నాకది పడదు. రేవు దాటి దక్షిణానికి తిప్పేసరికి నీళ్ళు నల్లగా, నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. వెలుగు రాగానే ఒడ్డు మీద కన్నేశాను. ఐసు ఫ్యాక్టరీ గొట్టం వచ్చి లైట్‌హౌసు వెనక సరిగ్గా దాక్కోవాలి. దాక్కుందంటే అడుగున రాళ్ళున్నట్టు. మా నాన్న చూపించిన గుర్తు అది. లంగరు వేసి, గాలానికి రొయ్య గుచ్చి వదిలాను.

ఆ పూట పడినట్టు ఈ మధ్య ఎప్పుడూ పడలేదు. రెండున్నర గంటల్లో తొమ్మిది ఎర్రచేపలు. ఆఖరిది నా మోచేతంత, తాడు లాగుతుంటే వేలు కోసేసింది. వేలు నోట్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. ఇంటికెళ్ళి దాన్ని అల్లుడి మిషను మీద పడేసి, 'నిజం చెప్పే వెళ్ళానయ్యా, చల్లబడ్డావా' అని దెప్పాలని మాటలు కూడా కూర్చుకున్నాను.

తొమ్మిదింటికి ఇంజను మొండికేసింది. ముప్పై సార్లు లాగాను. ప్లగ్గు విప్పి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాను. ఉలకదు, పలకదు. కొంచెం పెట్రోలు డబ్బా మూతలో పోసి చూస్తే అడుగున నీటి బొట్లు. పెట్రోలు పోసినవాణ్ణి నాలుగు తిట్టాను. రాళ్ళ దగ్గర ఫోను పనిచేయదు, ఎప్పుడూ చేయలేదు.

అయినా భయం వేయలేదు. జీవితంలో మొదటిసారి నేనెక్కడున్నానో ఇంట్లో ఒక మనిషికి తెలుసు. లంగరు ఎత్తి తెడ్డేసుకుంటూ బయల్దేరితే గాలి ఎటు తోస్తుందో చెప్పలేం. ఉన్నచోటే ఉంటే పదకొండుకల్లా ఎవరో ఒకరు నేరుగా ఇక్కడికే వస్తారు. తీరుబడిగా కూర్చుని రొట్టె తిన్నాను.

పది దాటింది. పదకొండు దాటింది. దక్షిణపు గాలి లేచింది. అలల నెత్తిన నురగ మొదలైంది. చేపల మీద కప్పిన తడిగోనె ఎండిపోయింది, మళ్ళీ తడిపాను. పడవ లంగరు తాడును గుంజుకుంటూ ఎగిరెగిరి పడుతోంది. 'ఏం చేస్తున్నారమ్మా ఇంట్లో' అని పైకే విసుక్కున్నాను.

పన్నెండు కావస్తుండగా రేవు మూతిలోంచి ఒక పడవ బయటికొచ్చింది. ఐసు అతని నీలం పడవ. అందులో ఒక్కడే మనిషి, నిలబడి ఉన్నాడు. మా రేవులో గాలం వేసేవాడెవడూ అలా నిలబడడు. పోతున్న ప్రాణం లేచొచ్చింది. "వచ్చావా దర్జీ!" అని గట్టిగా నవ్వాను కూడా.

పడవ ఒక్క క్షణం తటపటాయించి, ఉత్తరానికి తిరిగింది.

మొదట నాకేం అర్థం కాలేదు. తర్వాత, చేపల సంబరంలో మరిచేపోయిన కూతురి నవ్వు గుర్తొచ్చింది. చొక్కా విప్పి తెడ్డుకు కట్టి ఊపాను. గొంతు పోయేలా అరిచాను. రెండు మైళ్ళ దూరం, పక్కనే ఇంజను మోత, అతనికేం వినిపిస్తుంది? ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను ఉత్తరాన ఉన్నానని అతనికి చెప్పి పంపారు.

ఉత్తరాన నీళ్ళ అడుగున ఇసుక దిబ్బ ఉంది. పొద్దుటి పూట దాని మీద పడవ హాయిగా జారిపోతుంది. మధ్యాహ్నం ఈ గాలి లేచిందంటే అలలు నిలువునా లేచి దాని మీద విరుగుతాయి. ఆ వేళప్పుడు దూరంగా చుట్టు తిరిగి వెళ్ళాలని రేవులో పసిపిల్లలకు కూడా తెలుసు. దర్జీకి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఉన్న నోరంతా వెక్కిరించడానికే వాడాను.

కత్తితో లంగరు తాడు కోసేశాను. గాలి పడవను ఉత్తరానికి తోసింది. నేను తెడ్డుతో ఇంకా తోశాను. అతను దిబ్బ చేరేలోపు అతని కంటపడాలి, ఇంకో ఆలోచన లేదు. బరువు తగ్గుతుందని తొమ్మిది చేపల్నీ నీళ్ళలో పారేశాను. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. నీలం పడవ చిన్నదైపోయింది. అలల మధ్య కనబడుతూ మాయమవుతూ, ఇక కనబడలేదు. కనబడని వైపుకే గంటన్నర తెడ్డు వేశాను.

రేవుకు తిరిగొస్తున్న పెద్ద బోటు వాళ్ళు నన్ను చూసి తాడు విసిరారు. దిబ్బ వైపు పోనివ్వండి, మా అల్లుడున్నాడని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. పోనిచ్చారు, పాపం. దిబ్బకు అవతల నీలం పడవ బోర్లా తేలుతోంది. చుట్టుపక్కలంతా సాయంత్రం దాకా తిరిగాం. మనిషి లేడు.

గట్టు మీద కూతురు నిలబడి ఉంది. నన్ను చూడగానే మొహం విచ్చుకుంది. "నాన్నా!" అంటూ పరిగెత్తుకొచ్చింది. వచ్చి నా భుజం మీదుగా బోటులోకి చూసింది. మళ్ళీ చూసింది.

"ఆయనేరి?"

నేను పక్కకు జరిగాను. బోటు వెనక తాడేసి లాక్కొచ్చిన నీలం పడవను అప్పుడు చూసింది.

మూడో రోజు సముద్రం అతన్ని ఉత్తరపు ఒడ్డున పడేసింది. మిషను గోడవారకు జరిపి ముందు గదిలోనే పడుకోబెట్టారు. జరగాల్సినవన్నీ జరిగి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, మర్నాడు పొద్దున కూతురు వంటగది గుమ్మంలో కూర్చుని నోరు విప్పింది. ఏడుపు అయిపోయినట్టుంది.

"గాలి తగ్గాక వెతుకుదామని రేవులో అందరూ అన్నారట నాన్నా. నేనే తొందరపెట్టాను, ఐసు అతన్ని బతిమాలి పడవ తీసుకుని, ఇంజను నడపడం అడిగి తెలుసుకున్నారట. బయల్దేరేముందు మామయ్య ఎటు వెళ్తానన్నారు అని అడిగారు ఆయన. ఉత్తరం అన్నాను. నువ్వు దక్షిణం అన్నావని చెప్పి, అది తిరగేసుకోవాలని మళ్ళీ చెప్పి, ఇదంతా ఎందుకు, టైము దండగని... ఉత్తరం వెళ్ళండి అన్నానంతే."

నేనన్న మాట అన్నట్టుగా చెప్పి ఉంటే చాలు. 'దక్షిణం' అని చెవిన పడగానే అతనికి తెలిసిపోయేది. ముసలాడు నా మాట విన్నాడని మురిసిపోయి నేరుగా రాళ్ళ దగ్గరికే వచ్చేవాడు. ఈ లోకంలో ఆ రోజు నా మాట నమ్మగలిగినవాడు అతనొక్కడే. ఆ మాట అతని దాకా చేరనే లేదు. ఇది కూతురికి ఎప్పటికీ తెలియకూడదు.

"ఇన్నేళ్ళూ లేనిది, ఆ రోజే ఎందుకు నిజం చెప్పావు నాన్నా?"

నీ మొగుడు అడిగాడు తల్లీ, నీ కోసమే అడిగాడు. నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను.

"ఏమీ లేదమ్మా. నోరు జారింది," అన్నాను.

తను నా మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచీ నా మాట తిరగేసి వినడం తనకు అలవాటు. ఈ ఒక్కటీ తిరగేయకు తల్లీ అని లోపల దండం పెట్టుకుంటూ, టీ నీళ్ళు పెట్టడానికి లేచాను.