రిటర్న్ లారీ

"ప్యాకింగ్ మేం చేసుకుంటాంలెండి. మీరు ఎక్కించి దించితే చాలు" అన్నారు మా ఆయన, సామాన్లు చూడ్డానికొచ్చిన లారీ ఆఫీసు మనిషితో. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. మా ఇంట్లో "మేం" అంటే నేనే. పెళ్లయినప్పటి నుంచీ అంతే. "మేం మొత్తం ఇల్లు రెండ్రోజుల్లో కట్టేశాం తెలుసా" అని ఆయన స్నేహితులతో గొప్పగా చెప్పుకుంటుంటే, నేను టీ కప్పుల ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉంటాను. ఆయనకి ఒక్కసారైనా నవ్వు రాలేదు.

బదిలీ అయినప్పుడల్లా ఆయన ఆఫీసువాళ్లు ఖర్చులకి ఇంత అని ఒకేసారి చేతిలో పెడతారు. ఖర్చు చెయ్యగా మిగిలింది మనది. ఆ మిగిలింది ఉంది చూశారూ, అదే నా ప్రాణం తీసింది. ఒకసారి దాంతో ఫ్రిజ్ వచ్చింది. అందుకోసం నేను కొట్లన్నీ తిరిగి ఖాళీ అట్టపెట్టెలు అడుక్కొచ్చాను. ఇంకోసారి ఆయన బండికి కొత్త టైర్లొచ్చాయి. నాకు మాత్రం నడుం పట్టేసి, గోడ పట్టుకుని నడిచాను. ఈసారి పెద్ద టీవీ అట. కప్పులు ఆయన సాక్సుల్లో, గ్లాసులు పాత దుప్పట్లలో, పప్పుల డబ్బాలు బకెట్లలో. కాగితం ముక్క కూడా కొనకుండా ఇల్లంతా కట్టగలను నేను. "మా కోడలుండగా కూలీలెందుకు" అంటారు అత్తయ్య మంచం మీద కూర్చుని. అది మెచ్చుకోలే, కాదన్ను. కానీ ఆ మెచ్చుకోలుతో నా నడుం నొప్పి తగ్గదు కదా.

అసలు బాధ అది కాదు. నేను కళ్లద్దాల షాపులో పని చేస్తున్నాను. చేస్తున్నాను అనాలో చేశాను అనాలో కూడా తెలీడం లేదు, మానేస్తానని చెప్పేశాను కాబట్టి. చేరినప్పుడు కౌంటరు అద్దం తుడిచేదాన్ని. ఓనరమ్మే దగ్గర కూర్చోబెట్టుకుని లెన్సు అంచు అరగదియ్యడం నేర్పింది. ఫ్రేములో పెడితే టక్కున కూర్చోవాలి. వెంట్రుకంత ఎక్కువైతే ఫ్రేము విరుగుతుంది, తక్కువైతే లెన్సు ఊడి మనిషి తాగే కాఫీలో పడుతుంది. ఇప్పుడు ముసలివాళ్లు వచ్చి, "ఆ అమ్మాయి ఉందా, ఆ అమ్మాయే పెట్టాలి" అని నాకోసం బెంచీ మీద కూర్చుంటారు. నన్ను అమ్మాయి అనేవాళ్లు ఇంకా మిగిలారంటే అక్కడే. మొన్న ఓనరమ్మ, "రెండో షాపు తెరుస్తున్నాను. అది నువ్వే చూసుకోవాలి. తాళాలు నీ దగ్గరే ఉంటాయి, జీతమూ పెంచుతాను" అంది. ఆ వారంలోనే ఆయనకి బదిలీ అయింది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ చెప్పాను. "నీదేమన్నా మంత్రి పదవా? అద్దాలు తుడిచే పని ఏ ఊళ్లోనైనా దొరుకుతుందిలే" అన్నారు, నవ్వుతూ. ఆయన అరవరు. అదే నా ఖర్మ. అరిస్తే మనమూ అరవొచ్చు, నవ్వుతూ అన్నదానికి ఏమంటాం? ఇంతకు ముందు స్కూల్లో పని ఇలాగే పోయింది. తర్వాత ల్యాబు, ఆ తర్వాత కొరియరాఫీసు. చెయ్యి తిరిగిందనుకునేసరికి పెట్టెలు కట్టడం. మళ్లీ కొత్త ఊళ్లో నాకంటే చిన్నవాళ్లు "అనుభవం ఉందా ఆంటీ" అని అడుగుతుంటే నీళ్లు నమలడం. ఈసారి మాత్రం వదల్లేదు. "నేను కొన్నాళ్లు ఇక్కడే ఉండి చూస్తాను" అన్నాను. "ఉండి? రెండు అద్దెలు ఎవరు కడతారు? అమ్మకి ఎవరు వండిపెడతారు? నీకు మతిగాని పోయిందా?" అన్నారు. మళ్లీ నవ్వే. హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేస్తే, "నీకేం కావాలో నువ్వు చెప్పవేంటమ్మా" అని విసుక్కుంది. చెప్పాను కదే తల్లీ, ఎవరు విన్నారు? బాత్రూములో పంపు తిప్పి ఏడ్చాను. మర్నాడు వెళ్లి మానేస్తున్నానని చెప్పేశాను.

ఇంతలో ఆయనకి ఎవరో రిటర్న్ లారీ సంగతి చెప్పారు. ఎక్కడో సామాను దించేసి ఖాళీగా తిరిగెళ్లే లారీ అయితే సగానికి సగం తక్కువట. ఒకటే చిక్కు, అది ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. ఆయనేమో డ్యూటీలో చేరాలి. టీవీ ఇంకాస్త పెద్దదవుతుందన్న సంబరంలో మిగతాదేం ఆలోచించలేదు. "అమ్మా, నేనూ ముందెళ్తాం. నువ్వుండి సామాను ఎక్కించేసి బస్సెక్కి వచ్చెయ్. నీకు అలవాటేగా" అన్నారు. పెళ్లయ్యాక నేను ఒక్కదాన్నే ఒక రాత్రి కూడా ఉండలేదన్న సంగతి ఆయనకి తట్టలేదు. అత్తయ్యకి తట్టింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "భయమేస్తే లైటు వేసుకుని పడుకో" అన్నారు. నేను ఆవిడ చేతిలో సంచి అందుకుని ఆటో దాకా వెళ్లాను.

వాళ్లు వెళ్లాక ఏం చెయ్యాలో తోచలేదు. గిన్నెలన్నీ కట్టేశాను. రొట్టె ముక్కలు తిని, చాప మీద పడుకున్నాను. భయమెయ్యలేదు, ఏమిటో సిగ్గేసింది, ఇంత హాయిగా ఉన్నందుకు. పొద్దున్నే కాళ్లు వాటంతట అవే షాపుకి పట్టుకెళ్లాయి. ఓనరమ్మ ఏమీ అడక్కుండా నా ముందు ఫ్రేముల ట్రే పెట్టింది.

ఫోన్లు మాత్రం ఆగలేదు. "నా నీలం చొక్కా ఎక్కడ?" "అమ్మ మాత్ర తినకముందా, తిన్నాకా?" "ఇంటివాళ్లిచ్చిన ఈ గ్యాస్ స్టవ్ వెలగట్లేదేంటి?" నేను ఒక చేత్తో లెన్సు, భుజానికీ చెవికీ మధ్య ఫోను పెట్టుకుని జవాబులు చెప్పేదాన్ని. ఎక్కడున్నావని ఒక్కసారీ అడగలేదు. నన్ను వదిలేసి వెళ్లారనుకున్నానా, పిచ్చిదాన్ని. తాడు కాస్త పొడుగు చేశారు, అంతే. వీధిలో బరువు బండి చప్పుడైతే చాలు, లేచి తొంగి చూసేదాన్ని. ఆ లారీ దారిలో చెడిపోవాలనీ, ఎప్పటికీ రాకూడదనీ కోరుకున్నాను. నిజం, అలాగే కోరుకున్నాను.

లారీ వచ్చింది. ఇలాంటివి ఎప్పుడూ వచ్చే తీరతాయి. డ్రైవరూ, ఇంకొకతనూ మధ్యాహ్నానికల్లా ఇల్లంతా ఎత్తేశారు. "పెట్టెలు భలే కట్టారమ్మా, ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు డ్రైవరు. లారీ మలుపు తిరిగాక ఓనరమ్మకి ఫోన్ చేశాను. కొత్త షాపు ఇంకా ఎవరికీ అప్పజెప్పలేదంది, దాని పైన గది కూడా ఖాళీగా ఉందంది.

అప్పుడు ఆయన ఫోన్ చేశారు. "బయల్దేరిందా? ఏమీ పగల్లేదుగా? శభాష్. ఏ బస్సుకొస్తున్నావు?"

"నేను రావట్లేదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇక్కడే ఉంటాను. కొత్త షాపు చూసుకుంటాను. గది దొరికింది, అద్దె నా జీతంలోంచి కట్టుకుంటాను."

ఎందుకు అని అడుగుతారేమోనని భయం. మెత్తగా ఆ ఒక్క మాట అడిగి ఉంటే నేను ఏడ్చేసేదాన్ని. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, సాయంత్రం బస్సెక్కేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"మరి ఆ పెట్టెలన్నీ ఎవరు విప్పుతారు?" అన్నారు.