సుహైల్ పొడిచిన శుక్రవారం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదో కాదో గానీ, పెద్దదని మాత్రం కువైట్‌లోని సాల్మియాలో మా వీధికంతా తెలుసు. రాయచోటి పక్క పల్లెలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మేకల్ని అదిలించిన గొంతు నాది. పనిలో చేరిన కొత్తలో, మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలు చెవులు మూసుకుని, "మునిలక్ష్మీ, నువ్వు ఉల్లిపాయలు అడిగినా పక్కింటివాళ్ళు తగాదా అనుకుంటున్నారు" అనేది. ఆ గొంతే ఒక మనిషి ప్రాణానికి కాపలా కాయాల్సి వస్తుందని మామాకు గానీ నాకు గానీ ఏం తెలుసు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగేనాటికి మామా, ఆడపిల్లలు ఎండలు తప్పించుకోవటానికి లండన్‌లో ఉన్నారు. కువైట్ సైన్యంలో పనిచేసే కొడుకు సౌదీకి దాటిపోయాడు. ఇంట్లో మిగిలింది మేం బాబా అని పిలిచే డెబ్భై ఏళ్ళ యజమాని, వంటవాడు సత్యం, నేను. తండ్రిని పట్టుకుంటే కొడుకు తనే తిరిగొస్తాడని ఇరాక్ వాళ్ళు బాబా కోసం వెతుకుతున్నారు. అలా పట్టుకుపోయిన పక్క వీధి పెద్దాయన మళ్ళీ ఇంటికి రాలేదు.

బాబా మా పాస్‌పోర్టులు మా చేతుల్లో పెట్టి, "యల్లా, కదలండి, అమ్మాన్‌కు బస్సులు పోతున్నాయి, మీ దేశం వెళ్ళిపొండి" అన్నాడు. మేం పోలేదు. కుడి మోకాలు వంగని ముసలాయనకు ఇంత అన్నం పెట్టేదెవరు? ఆయనంటే మాకు అభిమానం. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు.

బాబాను మిద్దె మీది చిన్న గదిలో దాచాం. అడిగినవాళ్ళకు లండన్ పోయాడని నేనే చెప్పేదాన్ని. సైనికుల బూట్లు మెట్ల మీద చప్పుడు చేస్తే నేను సత్యాన్ని గొంతెత్తి తిట్టాలి. అది విని బాబా పిట్టగోడ దాటి, తాళం వేసిన పక్కింటి మిద్దె మీదికి పోవాలి. మామూలు వేళ దాటితే వీధి చివర చెక్‌పోస్టుకు కనబడతాడు; సోదా వేళ ఆ కాపలావాళ్ళే మా ఇంట్లో ఉంటారు. ఆ కాలుతో గోడ దాటటానికి సమయం పడుతుంది కాబట్టి తిట్లు ఆగకూడదు. ఆగస్టులో ఒకసారి సోదాకు వచ్చినప్పుడు, పగలని ప్లేటు పగిలిందని సత్యాన్ని ఏడు తరాలు తిట్టాను. బాబా దాటాడు. మిగతా రోజులన్నీ గుసగుసలతో బతికాను. నాలాంటిదానికి అంతకంటే శిక్ష లేదు.

సత్యం అసలు పేరు వెంకటసత్యనారాయణ. కోనసీమ మనిషి. దేవుడు ఆయనకు గొంతు ఇవ్వటం మరిచిపోయి, చెయ్యి మాత్రం ఇచ్చాడు. ఆ చెయ్యి చేపల పులుసు పెడితే బాబా గిన్నె అడుగు దాకా తినేవాడు. నేను ఒక్క ముక్క కూడా ఎరగను. మా చెరువులో నీళ్ళే ఉండవు, ఇంక చేపలెక్కడివి? ఆ వాసనే నాకు పడదు. చేపలు కడిగే రోజు ముక్కుకు కొంగు కట్టుకుని తిరిగేదాన్ని. "ఏం సెల్లెమ్మా, పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు. నువ్వేమో ఊరికే పెట్టినా తినవు" అని నవ్వేవాడు సత్యం.

బాబాకు చేపలవేట సరదా. అమ్ముకోవటానికి కాదు. ఒడ్డు దగ్గర సముద్రంలో కర్రలు పాతి, వల చుట్టి కట్టిన ఆవరణ ఒకటి ఉండేది. దాన్ని హద్రా అనేవారు. పోటుతో లోపలికొచ్చిన చేపలు ఆటుకు అందులోనే మిగిలిపోతాయి. చేపలు గుడ్ల మీద ఉండే నెలల్లో బాబా హద్రా వాకిలి తెరిచి వదిలేసేవాడు, వచ్చినవి వచ్చినట్టే పోయేవి. సెప్టెంబరులో తెల్లవారుజామున దక్షిణాన సుహైల్ చుక్క పొడిచాక, మొదటి శుక్రవారం ఆ వాకిలికి వల కట్టేవాడు. అదే మా ఇంట్లో వేట మొదలు. ఆ చుక్కను మనవాళ్ళు అగస్త్యుడంటారని సత్యం చెప్పాడు.

ఆ రోజు పడే చేపల్లో సబూర్ అనేది సత్యానికి ప్రాణం. అది గోదావరి పులసేనట. బస్రా నదికి ఎదురీది గుడ్లు పెట్టి తిరిగి సముద్రానికి వస్తుంది. ఎదురీదేటప్పుడే రుచని సత్యం, తిరిగొచ్చినప్పుడే తినటం ధర్మమని బాబా ఏటా వాదించుకునేవారు. వాదన ఎటు పోయినా, తొలి చేప తల మాత్రం బాబాకే. ఇంకెవరూ ముట్టేవారు కాదు.

ఆగస్టు మధ్యలో ఒక ఇరాక్ కెప్టెన్ మా ఇంటికి వచ్చాడు. సన్నటి మనిషి, మాట మెత్తన. కేకల్లేవు, తన్నుల్లేవు. గదులన్నీ చూసి, స్టోర్‌రూములో బాబా వలల ముందు చాలాసేపు నిలబడ్డాడు. వల కన్నాన్ని వేళ్ళతో సాగదీసి చూశాడు.

"మీ బాబా మంచి వేటగాడు. నాది బస్రా. మా నాన్నకూ హద్రా ఉండేది," అన్నాడు. "ఎక్కడున్నాడు?"

"లండన్, సీదీ." వాళ్ళ భాషలో సీదీ అంటే అయ్యా అని.

"వలలు ఇక్కడ పెట్టి లండన్‌లో ఏం చేస్తాడు?" అని చిన్నగా నవ్వాడు. "పర్వాలేదు. సుహైల్ పొడవనీ. సీజన్ రాకుండా చెయ్యి పెట్టకూడదు."

కొంగ జపం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. కొట్టేవాడికి ఎదురు నిలబడొచ్చు. కాచుకు కూర్చునేవాణ్ణి ఏం చెయ్యాలి? వారం వారం వచ్చేవాడు, టీ తాగేవాడు, పోయేవాడు. ఒడ్డు మీదికి మరెవరూ రాకూడదని చాటించాడు. అక్కడ సైనికులు గుంటలు తవ్వి ఇనపకంచె వేశారు. బాబా హద్రా దాకా మాత్రం ఒక దారి వదిలారు. వీధిలో ఎవరైనా బాబా పేరెత్తారేమోనని నాకు నిద్ర పట్టేది కాదు.

సుహైల్ పొడిచింది. ఆ శుక్రవారం తెల్లవారుజామునే కెప్టెన్ సత్యం చేత హద్రా వాకిలికి వల కట్టించి, ఆటు వేళకు మళ్ళీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి తళతళలాడే పెద్ద సబూర్‌ను తనే చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. వెనక ఇద్దరు సైనికులు.

"ఏటా మొదటి రోజు మీ బాబాకు ఎలా వండుతావో అలాగే వండు," అన్నాడు.

సత్యం చేప ముందు కూర్చుంటే లోకం మరిచిపోతాడు. చింతపండు పిసికాడు, బెండకాయలు వేశాడు, సన్నటి మంట మీద మూత పెట్టాడు. ఆ వాసన మిద్దె మీదికి పోతుందని, పాపం ముసలాయన ఏమనుకుంటున్నాడోనని నాకు దిగులేసింది. కెప్టెన్ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని తిన్నాడు. ఒక్కొక్క ముల్లునూ నాలుకతో విడదీసి పళ్ళెం అంచున వరసగా పేర్చాడు. తన తల్లి చేసినట్టే ఉందని సత్యాన్ని మెచ్చుకున్నాడు. సత్యం మొహం వెలిగిపోయింది.

"తల ఏది?" అన్నాడు కెప్టెన్.

అప్పుడు చూశాను. అలమర అరలో మూత పెట్టిన గిన్నె ఉంది. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, తలను తీసి బాబా గిన్నెలో దాచేసింది. పక్కన బాబా చెంచా కూడా పెట్టింది. సత్యానికీ అప్పుడే తెలిసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ ఇంట్లో తల ఎవరు తింటారు?" కెప్టెన్ ఇంకా మెత్తగా అడిగాడు.

"బాబా, సీదీ," అనేశాడు సత్యం. అబద్ధం చెప్పటం ఆయనకు ఏనాడూ రాలేదు.

"మరి ఈ రోజు ఎవరికి తీసిపెట్టావు?"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఒళ్ళంతా మండిపోయింది నాకు, సత్యం మీద, ఆ గిన్నె మీద, ఆ చేప మీద. గిన్నె లాగి నా ముందు పెట్టుకున్నాను.

"నాకు. బాబా లేనప్పుడు తల నాదే," అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను.

"తిను," అన్నాడు కెప్టెన్. కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నోట పెట్టని దాన్ని, ఇష్టమన్నట్టు మొహం పెట్టి తినాలి. చేతిలోకి తీసుకుంటే అది నన్నే చూస్తోంది. కళ్ళు మూసుకుని కొరికాను. పులుపు, కారం, దాని వెనక సముద్రం. మెడ దగ్గర కండ నమిలితే నోరంతా వెంట్రుకల్లాంటి ముళ్ళు. ఏది ఉమ్మాలో ఏది మింగాలో తెలియదు. ఆయన కళ్ళు నా దవడల మీదే ఉన్నాయి. ఉమ్మితే దొరికిపోతానని నోట్లోదంతా మింగేశాను. ఒక ముల్లు దిగలేదు, అడ్డంగా నిలబడింది.

గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయిందని అందరమూ తేలిగ్గా అనేస్తుంటాం. మాట రాకపోవటం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

కెప్టెన్ నా గిన్నెలోకి వంగి చూశాడు. "చెంపలు వదిలేశావు. తల తినేవాళ్ళు ఎవరైనా ముందు చెంపలే తింటారు. నువ్వు పుట్టాక చేప తినలేదు," అన్నాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు. సైనికులకు కంటితో మెట్లు చూపించాడు.

బూట్లు మొదటి మెట్టెక్కాయి.

నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాను. పిల్లి గురక లాంటిది వచ్చింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఒక నెల గుసగుసలతో దాచుకున్న గొంతు, కావాల్సిన ఒక్క క్షణంలో నన్ను వదిలేసింది. మిద్దె మీద ముసలాయన నా తిట్ల కోసం చెవులు రిక్కించుకుని ఉంటాడు. వినబడకపోతే అంతా బాగానే ఉందనుకుంటాడు. సత్యం చెయ్యి పట్టుకుని గొంతు చూపించాను.

ఆయన నా మొహం చూశాడు, మెట్ల వైపు చూశాడు. ఉలిక్కిపడి నోరు తెరిచాడు.

"ఏటే ఆ తిండి! పుస్తెలమ్ముకుని తినే సేపని గొడ్డు మేసినట్టు మేత్తావా? సిగ్గుందా నీకు? సెంపలొదిలేసి ముళ్ళు మింగుతావా, బుర్రలేనిదానా! ఎవత్తివే నువ్వు నా వంటింట్లో! నీళ్ళు లేని ఊళ్ళో పుట్టి పులసకి వంక పెడతావా! నోరు తెరిస్తే ఊరు దడిసేది, ఇప్పుడేమైందే నీ నోరు! మాట్టాడవేం! మాట్టాడూ!"

ఆ మనిషిలో అంత గొంతు ఉందని నేను ఎరగను. గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాడు. చెంచా విసిరాడు. మళ్ళీ మొదటినుంచి తిట్టాడు. తిట్లు తెలియని మనిషి కదా, అవే తిట్లు తిప్పి తిప్పి తిట్టాడు. తిడుతూనే ఏడ్చాడు. నేను దెబ్బలు తిన్నదానిలా మూలకు ముడుచుకున్నాను. మనసులో మాత్రం బాబా మోకాలిని గోడ మీదికి ఎత్తుతూనే ఉన్నాను. యల్లా బాబా, యల్లా.

బూట్లు దిగి వచ్చాయి. వెంట బాబా లేడు, ఒక సైనికుడి చేతిలో పైగదిలోని చాప మాత్రం ఉంది.

"పైన ఎవరు పడుకుంటారు?" అడిగాడు కెప్టెన్.

సత్యం రొప్పుతూ, "నేను, సీదీ. కింద ఉడుకు," అన్నాడు. ఆయన తన జన్మలో ఆడిన మొదటి అబద్ధం అదే.

కెప్టెన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపం లేదు. గోడ మీద పులుసు మరకను వేలితో తుడిచి నాక్కున్నాడు. "సీజన్ ఇవాళే కదా మొదలైంది," అన్నాడు. "వచ్చే శుక్రవారం వస్తాను. తల అలాగే తీసిపెట్టండి. నేనూ కూర్చుంటాను, ఎవరు తింటారో చూద్దాం." గుమ్మం దగ్గర ఆగి, ఒక సైనికుణ్ణి మా వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చోమన్నాడు. జీపు వెళ్ళిపోయింది.

సత్యం ఇంకా తిడుతూనే ఉన్నాడు, ఆపితే బాబాకు ఏమవుతుందోనని. నేను వెళ్ళి చేత్తో ఆయన నోరు మూశాను. అరచేతికి తడి తగిలింది.

"ఎన్నేసి మాటలన్నాను సెల్లెమ్మా నిన్ను," అన్నాడు పాత గొంతుతో.

ఉత్త అన్నం ముద్దలు మింగాను, ముల్లు కదల్లేదు. ముందు గుమ్మంలో తుపాకీ, పక్కింటికి తాళం, ఆ తాళం వెనక వంగని మోకాలుతో ముసలాయన. శుక్రవారం లోపల ఆయన్ని ఆ వీధి దాటించాలి. ఆ మాట సత్యంతో చెబుదామని నోరు తెరిచాను. గొంతు రాలేదు.