హాల్సియన్ 86

హాల్సియన్ డైనర్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన పనుల్లో కాఫీ పోయడం రెండోది. మొదటిది తుడవడం. రోడ్డు పక్క తిండి హోటలైన ఆ డైనరు లోపలా బయటా అంతా స్టీలే. పొద్దున్న ఐదున్నరకి వెనిగర్‌లో ముంచిన గుడ్డతో మొదలుపెడితే, మొదటి లారీ డ్రైవరు వచ్చి కూర్చునే వేళకి కౌంటరు అంచు, కాఫీ డ్రమ్ము, న్యాప్‌కిన్ డబ్బాలు అన్నీ తళతళలాడేవి. మా ఓనరు పెరిక్లిస్ గ్రీకువాడు. "వెర్నా, నువ్విలా రుద్దుతుంటే ఏదో ఒకరోజు డైనరే అరిగిపోతుంది" అనేవాడు. వేళాకోళానికి అన్న మాటే గానీ సగం నిజమై కూర్చుంది.

నా ముప్పై ఒకటో ఏట రోడ్డు వెడల్పు చేస్తామని కౌంటీ వాళ్ళు వచ్చి కొలతలు తీసుకున్నారు. వాళ్ళ గీత సరిగ్గా మా మూడో బల్ల మధ్యనుంచి పోయింది. తప్పించుకునే దారి ఒక్కటే. యాభై ఏళ్ళు దాటిన కట్టడమని రుజువైతే వారసత్వ సంపదగా నమోదు చేస్తారు, అప్పుడు రోడ్డే పక్కకి జరుగుతుంది. మాది 1949లో ఫ్యాక్టరీలో తయారై, రెండు ముక్కలుగా లారీల మీద వచ్చిన డైనరు. ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. కాగితాలు మాత్రం పాత ఓనరు హయాంలోనే వంటగది అంటుకున్నప్పుడు కాలిపోయాయి. ఇక మిగిలింది తలుపు పక్కన ఫ్యాక్టరీ వాళ్ళు బిగించిన ఇత్తడి బిళ్ళ. దాని మీద నంబరూ సంవత్సరమూ చెక్కి ఉండేవి.

ఉండేవి. దాన్ని కూడా నేను రోజూ తుడిచాను మరి.

"ఇందులో నా మొహం తప్ప ఏమీ కనబడ్డం లేదే" అన్నాడు కౌంటీ గుమాస్తా, దాని మీద వేలితో రాస్తూ.

నాకు తల కొట్టేసినట్టయింది. పెరిక్లిస్ నా చేతిలో గుడ్డ తీసుకుని పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది.

బిళ్ళ పనికిరాకపోతే ఫోటోలైనా పెట్టండి, పాత పనితనం చూసి తేలుస్తాం అన్నారు కౌంటీ వారసత్వ కమిటీ వాళ్ళు. దాంతో పెరిక్లిస్ మామూలు ఫోటోగ్రాఫరుతో సరిపెట్టుకోకుండా, పత్రికల్లో పేరు పడ్డ డెస్మండ్ వైల్ అనే ఆయన్ని పిలిపించాడు. ఆయన ఒక గురువారం పదింటికి నల్ల చొక్కా వేసుకుని దిగాడు.

"ముందు బయటికి పోయి మొత్తం డైనరు వచ్చేలా తియ్యి బాబూ" అన్నాడు పెరిక్లిస్.

"వస్తువుని తీస్తే ఏముందండీ? అదెలాగూ అక్కడే ఉంటుంది. నేను ప్రతిబింబాలే తీస్తాను."

"అది ఉంటుందో ఊడుతుందో అనే కదయ్యా నా ఏడుపంతా!"

డెస్మండ్ అప్పటికే ఒక న్యాప్‌కిన్ డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అందులో పెరిక్లిస్ పొట్లకాయలా సాగిపోయాడు, నా ముక్కు బంగాళాదుంపంత అయింది. తరవాత చెంచాలూ, సిరప్ సీసా మూతలూ అయ్యాయి. ఒకచోట వేలిముద్ర కనబడి గుడ్డ తీశానో లేదో, "తుడవకండి! అదే ప్రాణం!" అని అరిచాడు. చేతులు దురద పెడుతున్నా ఊరుకున్నాను.

గురువారాలు మా దగ్గర మీట్‌లోఫ్ పళ్ళెం ఉండేది. కైమాని రొట్టెలా ఒత్తి కాల్చిన ముక్క, పక్కన బంగాళాదుంప ముద్ద, పైన గ్రేవీ. దాని పేరు కూడా హాల్సియనే. మధ్యాహ్నం కాకముందే అయిపోయేది. మా డైనర్ల వాళ్ళ భాషలో ఏదన్నా అయిపోతే అయిపోయిందని అనం, ఎనభై ఆరు అంటాం. ఎందుకో ఎవరికీ తెలీదు, ప్రతి వంటవాడూ ఒక కథ చెబుతాడు. ఆ రోజూ వంటగది కిటికీలోంచి కేక వినబడింది.

"వెర్నా! హాల్సియన్ ఎనభై ఆరు!"

నాతోపాటు వడ్డించే పిల్లలు మళ్ళీ ఆర్డరు తీసుకోకుండా కౌంటరు దగ్గరి పలక మీద సుద్దముక్కతో రాశాను: హాల్సియన్ 86.

"కదలకండి!" అన్నాడు డెస్మండ్. ఆ పలక, చెర్రీ పై లాంటి తీపి రొట్టెలు పెట్టే గాజుపెట్టె వెనకున్న అద్దంలో పడి, ఆ అద్దం వెళ్ళి కాఫీ డ్రమ్ములో పడిందట. రెండుసార్లు తిరగబడేసరికి అక్షరాలు చక్కగా, సూటిగా నిలబడ్డాయి. పక్కనే సుద్దముక్క పట్టుకున్న నా చెయ్యి.

"అబ్బ, ఎంత బావుందండీ!"

"ఏం బావుంది బంగారం, మీట్‌లోఫ్ అయిపోయిందని రాశాను" అన్నాను. ఆయన విన్నట్టు లేదు.

కమిటీ సోమవారం కూర్చుంది. మొత్తం ఏడుగురు. అధ్యక్షురాలు మిసెస్ ప్రూయిట్ ఆ ఫోటోలు చూసి, ఇంత అందమైనవి ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదని మెచ్చుకుంది. మా నేలా, కప్పూ, కౌంటరూ ఏ ఫోటోలోనూ తిన్నగా లేవు. ఆఖరిది చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"ఇదిగో, స్పష్టంగా రాసే ఉంది. హాల్సియన్ 86. అంటే ఎనభై ఆరులో పెట్టారన్నమాట. యాభై ఏళ్ళు నిండలేదే!"

నేను లేచి నిలబడ్డాను. "అది ఏడాది కాదమ్మా! ఎనభై ఆరంటే అయిపోయిందని. మా డైనర్లో మాట. మీరెప్పుడూ వినలేదా?"

"అక్కడ ఎప్పుడూ తినలేదమ్మా. కానీ రోజూ కార్లో ముందునుంచే పోతాను. ఎంత ముచ్చటగా మెరుస్తుంటుందో!"

"దాన్ని మెరిపించేది నేనే."

"అలాగా! అయితే ఆ రాసిన చెయ్యి కూడా మీదేనా?"

"నాదే."

"అంటే హాల్సియన్ అయిపోయిందని మీ చేత్తో మీరే రాశారన్నమాట."

అందరూ గొల్లుమన్నారు. అది పళ్ళెం పేరమ్మా అన్నాను, ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. ఆవిడ చెడ్డది కాదు. నవ్వు ఆగాక నిదానంగానే చెప్పింది. "మీరన్నది నిజమే కావచ్చు. కానీ కాగితం లేదు, బిళ్ళ మీద అక్షరం లేదు. ఫైల్లో ఉన్నదే కదా మేం చూడాలి." ఓటింగులో ఇద్దరు మా వైపు చేతులెత్తారు. ఇద్దరూ మా దగ్గర తినేవాళ్ళే.

అక్టోబరులో క్రేను వచ్చింది. పెరిక్లిస్ కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆ బిళ్ళ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "దీన్ని మాత్రం ఇక తుడవకు" అన్నాడు.

డెస్మండ్ ఫోటోకి పెద్ద బహుమతి వచ్చింది. కౌంటీ వాళ్ళే దాన్ని కొని మ్యూజియంలో పెట్టారు. ఫోటోలో చెయ్యి నాదని నాకూ ఒక ఆహ్వానం పంపారు. వెళ్ళాను. ఎర్రతాడు వెనక, మంచి ఫ్రేములో, కింద రాసి ఉంది: 'హాల్సియన్ డైనర్. కౌంటీ వారసత్వ సంపద.' డ్రమ్ము వంపులో పెరిక్లిస్ వంటగది వైపు తిరిగి ఏదో అరుస్తున్నాడు. వెనక చెర్రీ పై, లెమన్ పై, మా మూడో బల్ల. అక్కడే నిలబడి ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని చూస్తే ఫ్రేము అద్దం మీద ఎవరిదో వేలిముద్ర, సరిగ్గా పెరిక్లిస్ మొహం మీద. నావల్ల కాలేదు. తాడు మీదుగా వంగి, నోటి ఆవిరి ఊది, స్కార్ఫు కొసతో రుద్దడం మొదలుపెట్టాను.

"అమ్మా, అమ్మా! ముట్టుకోకూడదు!" కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "ఇది వారసత్వ సంపద. ఇలా తలా ఓసారి రుద్దితే అరిగిపోదూ?"

"అరిగిపోతుంది బంగారం. నాకు తెలుసు" అన్నాను. సగం తుడిచిన మరకని అలాగే వదిలేసి వచ్చాను.