పది రోజులు తక్కువ

"మిరపకోతల్లో పుట్టిందయ్యా. యుద్ధం రాకముందు" అంది మాణిక్యమ్మ, కూతురు సుందరిని ముందుకు తోసి.

"కోతలు మొదలైనప్పుడా, అయిపోయేటప్పుడా?"

"కోస్తా కోస్తా ఉంటే నెప్పులొచ్చినయ్. మొదలో చివరో నాకేం తెలుసు? ఏదో ఒకటి నువ్వే పెట్టు పంతులయ్యా. నాపరాళ్ళ గనికి పొద్దుపోతంది."

కృపాదానం కలం సిరాలో ముంచి, ఫిబ్రవరిలో ఒక తేదీ చూసి బడి రిజిస్టరులో సుందరికి ఇచ్చాడు. మాణిక్యమ్మ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అతను కుర్చీలోంచి లేచి మళ్ళీ గుమ్మం దాకా వచ్చాడు.

గురజాల అవతల ఆ ఊరి మిషను బడికి ఉపాధ్యాయుడు అతనొక్కడే. గోడలూ కప్పూ నాపరాళ్ళే కావడంతో జూన్ ఎండకు గది పెనంలా కాగుతోంది. కృపాదానం పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటాడు. కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకున్న చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సుద్దముక్కను వేళ్ళ మధ్య నలుపుతూ, వీధికి అవతల ఉన్న తన ఇంటివైపు చూశాడు. వసారాలో గుంజను పట్టుకుని కూతురు ప్రేమకుమారి నిలబడి ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉంది.

బడి తెరిచేనాటికి అయిదేళ్ళు నిండాలని నియమం. పుట్టిన తేదీ తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు కనుక ఆ నియమం ఊరివాళ్ళ బిడ్డలెవరినీ ఆపలేదు. తెలిసింది ఒక్క ప్రేమకుమారి తేదీయే. దానికి పది రోజులు తక్కువ.

కృపాదానానికి తన వయసెంతో తెలియదు. గొడ్లు కాసి కాసి, మీసాలు మొలిచే ఈడులో పలక పట్టాడు. పసిపిల్లల మధ్య మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంటే, వాళ్ళు "మామా" అని పిలిచేవారు. బాప్తిస్మం ఇచ్చిన దొర ఆ రోజునే పుట్టినరోజుగా రాసుకోమన్నాడు. అందుకే తనకు బిడ్డలు పుట్టినప్పుడు తేదీతోపాటు వేళ కూడా అడిగి తెలుసుకున్నాడు. తమ వంశంలో పుట్టినరోజు ఉన్న మొదటి మనుషులు వాళ్ళే.

"పంతులుగారూ, ఈడు నా ఒళ్ళో నిద్రపోతున్నాడు" అన్నాడు వెనకనుంచి చిన్నకోటయ్య. గొంతు బొంగురుపోతున్న వయసు. అ ఆల వరసలో గోడవారగా కూర్చుని, పక్కవాడి తలను ఒక తొడమీద పెట్టుకున్నాడు. కోటయ్య రెండో మోకాలు గడ్డానికి తగులుతోంది.

"పడుకోనీ" అన్నాడు కృపాదానం, అటు చూడకుండా.

మధ్యాహ్నం ఇంటికి వెళితే భార్య ప్రమీలమ్మ సంకటి వడ్డించి, పక్కన కూర్చోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఊరందరికీ పుట్టినరోజులు పంచిపెడతన్నావు. నీ బిడ్డకి పదిరోజులు ఇయ్యలేవా?"

"వాళ్ళవి తెలియక పెడుతున్నా. దీన్ది తెలిసి ఎట్టా మారుస్తానే? పంతులు తన బిడ్డకి ఒక రకం, ఊరికి ఒక రకం అనరూ?"

"అంటే అననీ."

"వచ్చే ఏడు చేరిద్దిలే."

ప్రమీలమ్మ మజ్జిగ ముంతను అతని ముందు పెడుతూ, "పెద్దోడు యోహానుకీ ఇదే మాట చెప్పావు" అంది. "నెలే తక్కువన్నావు. ఆ ఏడు వానల్లో జొరమొచ్చి పాయె. పలక పట్టుకోకుండానే పాయె."

కృపాదానం ముంత ముట్టకుండా లేచాడు. చెయ్యి కడుక్కున్న సంగతి కూడా అతనికి గుర్తులేదు.

బడిలో గుణింతం చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. కిటికీ తీశాడు, వేశాడు. చివరికి వీధి దాటి వెళ్ళి, వసారాలో ఉన్న కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "రామ్మా" అన్నాడంతే. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. తండ్రి అడుగులు అందుకోలేక పరుగెత్తుతూ వచ్చింది.

తేదీ తెలియని పిల్లలు కుడిచెయ్యి తలమీదుగా వేసి ఎడమచెవి అందుకుంటే అయిదేళ్ళు నిండినట్టు లెక్క. పిల్లలందరి ముందూ ప్రేమకుమారి చెయ్యి వేసింది. మునికాళ్ళమీద లేచింది, మెడ వంచింది. వేళ్ళు చెవికి కాస్త పైన, జుట్టులోనే ఆగిపోయాయి.

"అందింది పంతులుగారూ" అన్నాడు చిన్నకోటయ్య.

కృపాదానం కూతురి ముఖం చూశాడు. పెదవులు బిగబట్టి, ఇంకా చెవికోసం వెతుకుతూనే ఉంది.

"అందింది" అన్నాడు. "చెయ్యి దించమ్మా."

కలం తీసుకున్నాడు. సుందరికి ఇచ్చిన తేదీయే ఆ పిల్లకూ ఇచ్చాడు. ఆమె పుట్టిన తెల్లవారుజాము, మంత్రసాని కేక, అప్పుడే చినుకు పడి లేచిన రేగడిమట్టి వాసన ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇక ఆ రోజు లేదు. కలం కిందపెట్టి, వేళ్ళకంటిన సిరాను ఎవరూ చూడకుండా చొక్కా అంచుకు తుడుచుకున్నాడు.

ప్రేమకుమారి వెళ్ళి సుందరి పక్కన చోటు చేసుకుంది. ఒకసారైనా తండ్రివైపు తిరగలేదు. అందరితోపాటు, అందరికంటే గట్టిగా అక్షరాలు పలకడం మొదలుపెట్టింది.

అతను గాలికోసం గుమ్మంలోకి వచ్చాడు. గడప బయట, ముంజెలు తినేసిన తాటికాయలను చక్రాలుగా గుచ్చిన చిన్న బండి ఎండలో ఉంది. దాన్ని తోసే కర్రను, లోపలున్న పిల్లల్లో ఎవరో, బడి విడవగానే తీసుకోవాలని పడిపోకుండా జాగ్రత్తగా గోడకు ఆనించి పెట్టారు.